నమూనా లేదు

సువార్తమ్మకి కోపం రావడానికి ముహూర్తం అక్కర్లేదు. రావిగుంటపాడు ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఇరవై ఏడేళ్లుగా నర్సు. టీకాల రోజున ఆవిడ గొంతు బస్టాండు దాకా వినపడుతుంది. బిడ్డ ముక్కు కారుతుంటే తుడవని తల్లిని తిడుతుంది, బీడీ కంపుతో చంటిపిల్లని ఎత్తుకొచ్చిన తండ్రిని తిడుతుంది, ఫైళ్లు అడిగే పై ఆఫీసుని ఫోన్లోనే తిడుతుంది. తిట్లు తిన్నవాళ్లే మళ్లీ ఆవిడ చేతి సూదే కావాలని క్యూ కడతారు. ఆ సంగతి తల్చుకుంటే ఆవిడకి లోలోపల గర్వంగా కూడా ఉంటుంది.

ఆ ఏడు మార్చిలో జుట్టు మిషను వచ్చింది.

అసలు పేరు పెట్టె మీద ఇంగ్లీషులో బారెడుంది, ఎవరూ చదవలేదు. కుట్టుమిషనంత ఉంటుంది. పదేళ్లలోపు పిల్లలెవరు గడప తొక్కినా తల వెనకనుంచి ఒక్క వెంట్రుక కుదురు దగ్గర కత్తిరించి దాని నోట్లో పెట్టాలి. రెండు నిమిషాల్లో చీటీ బయటికొస్తుంది. పిల్లలు బెదిరినప్పుడు ఒంట్లో ఊరే రసం ఆ రోజు పెరిగిన వెంట్రుకలోకి ఇంకిపోతుందట. మిషను దాన్ని చదివి రోజుకొక గీత గీస్తుంది. మామూలు రోజుకి తెల్ల గీత, బెదిరిన రోజుకి ఎర్ర గీత. ఆరు నెలల వెనకటి రోజు కూడా దాక్కోలేదు.

"కుక్క తరిమినా, పరీక్ష ఉన్నా లేత గులాబీ దాటదు సిస్టర్. ముదురు ఎరుపు వచ్చిందంటే ఆ రోజంతా ఆ పిల్ల ప్రాణాలు గుప్పిట్లో పెట్టుకుని గడిపినట్టే" అని చెప్పింది దాన్ని కనిపెట్టిన నిరుపమ. నగరంలో పరిశోధనశాల ఆమెది. ముప్పై అయిదేళ్లుంటాయేమో, నిద్రలేని కళ్లు. "పిల్లలు నోరు విప్పి చెప్పాలని మనం కూర్చుంటాం. వాళ్లు చెప్పలేరు. ఇక చెప్పక్కర్లేదు" అంటూ మిషనుని ప్రేమగా తట్టింది.

మొదటి వారంలోనే మోక్షిత చీటీ వచ్చింది.

మోక్షితకి ఏడేళ్లు. తమ్ముడికి తొమ్మిదో నెల టీకా వేయించడానికి తల్లి అంజనితో వచ్చింది. అడక్కముందే జడ పక్కకి జరిపి మెడ వంచి నిలబడింది. అంత బుద్ధిమంతురాలైన పిల్లని చూసి సువార్తమ్మ మురిసిపోయింది. చీటీ బయటికొచ్చాక మురిపెం పోయింది. ఇరవై నాలుగు ఎర్ర గీతలు, ఒకదానికొకటి సమాన దూరంలో. గోడ మీది మందులషాపు క్యాలెండరు దింపి, కిందటేడుది కూడా వెతికి తీసి గీతా గీతా పోల్చి చూసింది. అన్నీ ఆదివారాలే.

అంజని నోరు తెరిచింది. "సిస్టరమ్మా, ఇంట్లో..."

"నువ్వేం మాట్లాడబాకమ్మా. నే చూసుకుంటాగా. శనివారం మీ ఆయన్ని రమ్మను."

అంజని నోరు మూసుకుంది.

ఆమె భర్త శేషుబాబు గ్రానైటు ఫ్యాక్టరీలో సూపర్‌వైజరు. మందు ముట్టడు, పేక ముట్టడు. ఆరోగ్య కేంద్రం వరండాకి ఫ్యాను కొనిచ్చింది ఆయనే. ఆదివారం సెలవు కాబట్టి పొద్దుటినుంచీ కూతుర్ని కూర్చోబెట్టుకుని లెక్కలు చెబుతాడు. వీధిలో ఆడవాళ్లంతా ఆ మనిషిని చూపించి, తండ్రంటే అట్టా ఉండాలని మొగుళ్లని సాధించేవాళ్లు. తలుపు వెనక ఒక్కో తప్పుకి కరెంటు వైరుతో ఒక్కో దెబ్బ పడుతుందని తెలిసినవాళ్లు కూడా, చదువు కోసమేగా అని సరిపెట్టుకున్నారు. ఎంత దిక్కుమాలిన సర్దుబాటు!

మిషనుతో పాటు ఒక పుస్తకం వచ్చింది. దాన్ని ఎలా తుడవాలో, ఎక్కడ పెట్టాలో, ఎండ తగలకుండా ఎలా కాపాడాలో నలభై పేజీలు. ఎర్ర చీటీ వస్తే ఏం చేయాలో ఒకే ఒక్క వాక్యం: 'కుటుంబానికి తగు సలహా ఇవ్వవలెను.' ఆ సలహా ఏమిటో, ఇచ్చాక ఆ పిల్ల ఏ ఇంటికి వెళ్లి పడుకుంటుందో రాసే ఓపిక ఆ నలభై పేజీలు రాసిన పెద్దమనిషికి లేకపోయింది.

సలహా ఇవ్వడం సువార్తమ్మకి కొత్తా? ఆశా కార్యకర్తని అడిగి వైరు సంగతి రాబట్టింది. శనివారం క్యూలో నలభై మంది చూస్తుండగా శేషుబాబుని నిలబెట్టి కడిగేసింది.

"ఏందయ్యా శేషుబాబూ! ఆదివారం వస్తే ఎవరైనా పిల్లలకి కోడికూర వండి పెడతారు. నువ్వేంది, గొడ్డుని బాదినట్టు బాదుతున్నావంట? బుకాయించబాకు, నా కాడ చీటీ ఉంది. మళ్లా ఒక్క ఎర్ర గీత కనపడిందా, నీ పరువు బజారుకీడుస్తా."

శేషుబాబు రెండు చేతులూ జోడించాడు. "చదువుకోవాలనే తాపత్రయం సిస్టర్‌గారూ. తప్పయింది. ఇంకోసారి జరగదు."

"సువార్తమ్మా, మజాకానా!" అన్నారు క్యూలో. డాక్టరు ఖలీల్ కూడా గదిలోంచి తొంగిచూసి, "బాగా పెట్టారు గడ్డి" అని నవ్వాడు. ఆ మధ్యాహ్నం సువార్తమ్మ రెండు ముద్దలు ఎక్కువే తిన్నది. తాగి కొట్టే మొగుళ్లని, కోడళ్లని మాడ్చే అత్తల్ని ఇరవై ఏడేళ్లుగా ఇట్టాగే పిలిచి, నలుగురిలో కడిగి, దండం పెట్టించుకుని పంపుతోంది. దండం పెట్టిన ఆ మనిషి ఇంటికెళ్లి తలుపు వేసుకున్నాక ఏం చేస్తాడో ఒక్కసారన్నా వెనకాలే వెళ్లి చూసిందా? లేదు. చూడాలన్న ఆలోచనే రాలేదు.

ఏప్రిల్ చివర్లో మోక్షిత మళ్లీ వచ్చింది. నున్నటి గుండు, దాని మీద గంధం. ఈసారి శేషుబాబు కూడా వెంట ఉన్నాడు.

"మొక్కు సిస్టర్‌గారూ. ఎప్పటిదో, బాకీ పడిపోయింది" అంటూ లడ్డూ ప్రసాదం ముక్క చేతిలో పెట్టాడు. సువార్తమ్మ క్రైస్తవురాలైనా ప్రసాదం కాదనే మనిషి కాదు. మోక్షిత గుండు నిమిరి, "చల్లగా ఉందా అమ్మడూ?" అని అడిగింది. పిల్ల తలూపింది.

రెండంగుళాల వెంట్రుక లేకపోతే మిషను చదవలేదు. ఒకసారి గుండు గీయిస్తే అయిదు నెలలు దానికి కళ్లు లేనట్టే. అలాంటప్పుడు నొక్కడానికి ఒక మీట ఉంది, 'నమూనా లేదు' అని. సువార్తమ్మ నొక్కింది. పచ్చ దీపం వెలిగింది. ఇంకేముంది, పిల్ల క్షేమం!

గుండు చూసి ఎందుకు చేయించావని ఈ నేల మీద ఎవరూ అడగరు. ఏ కొండ అని అడుగుతారు, దర్శనం బాగా జరిగిందా అని అడుగుతారు, అంతే. మేలో ఇంకో అయిదుగురు గుండ్లతో వచ్చారు. వేసవి సెలవులు, మొక్కుల కాలం, మామూలే అనుకుంది. జూన్ వచ్చేసరికి ఆ సంఖ్య పదహారయింది.

పదిహేడో గుండు దావీదు మనవడిది. దావీదు సువార్తమ్మ వెళ్లే చర్చిలో సంఘపెద్ద. ఆదివారం ఆయన ప్రార్థన మొదలుపెడితే పిల్లలు నిద్రపోయి లేచినా అవదు. ఆ మనవడికి అయిదేళ్లు, గుండు మిలమిలలాడుతోంది.

"మన సంఘంలో గుండు మొక్కు ఎప్పటినుంచి బాబాయ్?"

"మొక్కేందమ్మా, పేలు. తలంతా పేలు."

సువార్తమ్మ పిల్లాడి మెడ వంచి చూసింది. పేలు పట్టిన తలలు ఆవిడ చూసినన్ని ఇంకెవరు చూసి ఉంటారు? చెవుల వెనక ఒక్క గోకుడు గుర్తు లేదు. దావీదు గోడ మీది దోమల పోస్టరు చదువుతూ నిలబడ్డాడు. ఆవిడ రిజిస్టరు తీసింది. ఏప్రిల్‌లో ఈ పిల్లాడి చీటీ: నలభై ఒక్క ఎర్ర గీతలు. అప్పుడు వీడి తండ్రిని కూడా పిలిచి చీవాట్లు పెట్టింది. పేజీలు తిప్పింది. పదిహేడు గుండ్లలో పదహారు ఇదివరకు ఎర్ర చీటీ వచ్చిన తలలే. నిజం మొక్కు ఒక్కటంటే ఒక్కటే.

మర్నాడు సెలవు చీటీ కూడా రాయకుండా నగరం బస్సెక్కింది.

పరిశోధనశాలలో ఆ రోజు స్వీట్లు పంచుతున్నారు. గోడంతా పరుచుకున్న తెర మీద ఎర్ర రేఖ ఒకటి పైనుంచి కిందికి జారుతోంది. నిరుపమ సువార్తమ్మని చూసి ఎదురొచ్చింది, చేతిలో మైసూరుపాకు పెట్టింది.

"సరైన రోజున వచ్చారు సిస్టర్! ముప్పై కేంద్రాలు. మొదట్లో ఆరు వందల పన్నెండు మంది ఎర్ర చీటీ పిల్లలు. ఇప్పుడు మూడు వందల ఆరు. మూడు నెలల్లో సగం! రేపు సచివాలయంలో చూపిస్తున్నాం. రాష్ట్రమంతా పెడతారు."

"మేడమ్, నమూనా లేదు అని నొక్కితే మీ మిషను ఏమనుకుంటది?"

"ఏమీ అనుకోదు. ఎరుపు లేదు కాబట్టి క్షేమం కిందికి..." నిరుపమ ఆగిపోయింది. ఒక్క క్షణం సువార్తమ్మ మొహంలోకి చూసి, గబగబా కుర్చీ లాక్కుని మీటలు నొక్కింది. తెర మీద రేఖ పోయి పేర్ల జాబితా వచ్చింది. కిందికి జరుపుతూ పోయింది, జరుపుతూనే ఉంది.

"రెండు వందల తొంభై ఎనిమిది మంది పాత ఎర్ర చీటీ పిల్లలకి నమూనా లేదా? ఇంతమందికి వెంట్రుక లేకపోవడమేమిటి?"

"గుండ్లు."

ఆ గుండ్లని తీసేయగా నిజంగా బాగుపడ్డది ఎనిమిది మంది. స్వీట్ల పెట్టె పట్టుకున్న కుర్రవాడు అక్కడే నిలబడిపోయాడు. నిరుపమ కుర్చీ ఇటు తిప్పింది.

"ఇన్ని కేంద్రాల్లో ఇంతమంది నర్సులు... ఒక్కరూ ఒక్క మాట రాయలేదే!"

"మీరు అడిగారా?" సువార్తమ్మకి కోపం నషాళానికి అంటింది. "గుండు కనపడితే మొక్కనుకుంటాం మేం. పుట్టి బుద్ధెరిగిన కాడ్నించి అంతే. ఆ ఇళ్లల్లో వాళ్లకి మా సంగతి తెలుసు. మీకు తెలీలా. చల్లటి గదుల్లో కూర్చుని మిషను తుడిచేదానికి నలభై పేజీలు రాశారు, పిల్లకి ఒక్క ముక్క!"

నిరుపమ తనలో తాను లెక్కలు వేసుకుంటున్నట్టు అంది: "గోళ్లు. గోళ్లలో కూడా ఉంటుంది. మిషనుని మారిస్తే చదువుతుంది. నాలుగు నెలలు టైమిస్తే..."

"నాలుగు నెలలంటే పదిహేడు ఆదివారాలు మేడమ్. గోళ్లు చదివితే గోళ్లు పీకుతారు. ఆ తర్వాత ఏం చదువుతారు, పళ్లా?"

నిరుపమ మొహం చేతుల్లో దాచుకుంది. ఏడుస్తోందని సువార్తమ్మకి తెలుసు. ఓదార్చాలనిపించలేదు. తననెవరన్నా ఓదార్చినా ఒప్పుకునే స్థితిలో లేదు.

నిరుపమ మాత్రం ఏదీ దాచలేదు. మర్నాడు సచివాలయంలో సగానికి తగ్గిన రేఖ చూపించి, దాని పక్కనే గుండ్ల జాబితా పెట్టింది. మిషన్లన్నీ ఆపేయమని అక్కడికక్కడే ఉత్తర్వు వచ్చింది. పరిశోధనశాల పెద్దలు ఆమెని సెలవు మీద పంపించారు. ఆరేళ్ల కష్టం. సాయంత్రం ఫోన్ చేసింది.

"సిస్టర్, ఇక మిషను లేదు. ఎట్లా మరి?"

"నోరుంది కదా మేడమ్" అంది సువార్తమ్మ. "ఇన్నాళ్లూ దాన్ని తిట్టడానికే వాడా."

బుధవారం, శేషుబాబు ఫ్యాక్టరీకి వెళ్లాక, చంటివాడికి విటమిన్ చుక్కలు వేయాలని ఆశా కార్యకర్తతో అంజనికి కబురు పంపింది. పిల్లని కూడా తీసుకురమ్మంది. వరండాలో క్యూ ఉంది. క్యూని డాక్టరుకి వదిలేసి, కాన్పుల గదిలోకి ముగ్గుర్నీ తీసుకెళ్లి తలుపు దగ్గరగా వేసింది. స్టూలు ఉండగా నేల మీద చతికిలబడింది. ఏం అడగాలో ఆవిడకి చప్పున తోచలేదు. ఇరవై ఏడేళ్ల సర్వీసులో మాట కోసం తడుముకోవడం అదే మొదలు.

"అంజనీ, ఇంట్లో నీకు భయంగా ఉంటదా అమ్మా? పిల్లకి?"

అంజని చంటివాణ్ణి ఒళ్లో సర్దుకుంది. గొంతులో ఏడుపు లేదు, కసి ఉంది.

"ఇప్పుడడిగారా సిస్టరమ్మా? ఇది పుట్టిన కాడ్నించి వీడి దాకా ఎన్నిసార్లొచ్చా ఈ ఆస్పత్రికి? బరువు అడిగారు. పాలు చాలుతున్నాయా అన్నారు. విరేచనం ఏ రంగో కూడా అడిగారు. నీకు ఇంట్లో ఎట్టా ఉందని ఒక్కరడగలా. ఆ రోజు చెబుదామని నోరు తెరిస్తే మీరే మూయించారు."

చెంప మీద కొట్టినట్టయింది. సువార్తమ్మ తల వంచుకుంది.

"మీరు కడిగి పంపారు. ఆ రోజు నించి ఆదివారమే కాదు. రోజూ. ఫ్యాక్టరీ నించి రావడం, నర్సుకి ఏం చెప్పావే అని మొదలుపెట్టడం. నలుగురిలో పరువు పోయిందని. నేను అడ్డమెళితే నన్నూ. బయటికి చెబితే చంటోణ్ణి లాక్కుని మమ్మల్ని తరిమేస్తా అంటాడు."

మోక్షిత మూలనున్న బకెట్టు పక్కన నిలబడి గౌను అంచు నలుపుకుంటోంది. సువార్తమ్మ చేయి చాచింది. పిల్ల రాలేదు. ఉన్నచోటనుంచే, చాలా మర్యాదగా అడిగింది.

"సిస్టరమ్మా, మా నాన్నకి చెప్తారా? నేనేం చెప్పలేదని?"

"ఏంటమ్మా?"

"మీకు నేనేం చెప్పలేదుగా. వెంట్రుక చెప్పిందంట. ఎన్నిసార్లు చెప్పినా నాన్న నమ్మట్లా. అందుకే గుండు గీయించమని నేనే అడిగా. ఇప్పుడింక ఏదీ చెప్పదుగా, అయినా కొడుతున్నాడు."

సువార్తమ్మకి ఒళ్లు మండిపోయింది. శేషుబాబుని చీల్చేయాలనిపించింది. ఆ పుస్తకం రాసినవాణ్ణి, సలహా ఇవ్వవలెను అన్నవాణ్ణి, చదువు కోసమేగా అన్న వీధిని, గోడ మీది పోస్టరు చదివిన దావీదుని, అందరికంటే ముందు వరండాలో నిలబడి కేకలేసి ఇంటికెళ్లి తృప్తిగా అన్నం తిన్న తనని. నోటి దాకా వచ్చిన తిట్లన్నీ మింగింది. ఆ తిట్లు ఈ పిల్ల వీపు మీదికే పోతాయని ఇప్పుడు తెలిసింది మరి.

"తప్పు నాది తల్లీ" అంది. "నిన్ను అడక్కుండా, మీ అమ్మని అడక్కుండా మీ నాన్నని కేకలేశా. నువ్వు దెబ్బలు తిన్నావు. ఇప్పుడు అడుగుతున్నా. చెప్తే వింటా. చెప్పాలనిపించకపోతే చెప్పబాక. నువ్వు చెప్పినా చెప్పకపోయినా మీ ముగ్గుర్నీ ఇయ్యాల ఆ ఇంటికి పంపను."

పిల్ల తల్లి వంక చూసింది. అంజని తలూపింది. మోక్షిత వచ్చి ఎదురుగా కూర్చుంది. పదమూడో ఎక్కం దగ్గర మొదలుపెట్టి చెప్పింది. ఎక్కడ ఆగిందో, దేనికి ఎంత పడిందో, వైరు ఎక్కడ దాస్తాడో, నీళ్లు ఎప్పటిదాకా ఇవ్వడో. సువార్తమ్మ మధ్యలో ఒక్క మాట కూడా అనలేదు. తర్వాత డాక్టరు ఖలీల్ వచ్చి గౌను ఎత్తి ఒక్కో గుర్తునీ కొలిచి రాశాడు. రాస్తుంటే అతని కలం రెండుసార్లు ఆగింది. మార్చిలో నవ్వింది గుర్తొచ్చిందేమో. పిల్లల హెల్ప్‌లైనుకి, బాలల సంక్షేమ కమిటీకి అతనే ఫోన్ చేశాడు. జీపు బయల్దేరిందన్నారు, గంట పడుతుందన్నారు.

జీపు కంటే ముందు శేషుబాబు వచ్చాడు. ఎవరో చెప్పారు, ఊళ్లో చెప్పేవాళ్లకేం కరువు. వెంట దావీదుని కూడా తెచ్చాడు.

"సువార్తమ్మా, సంసారం వీధిన పెట్టబాక" అన్నాడు దావీదు. "అలవాటేగా నీకు. పిలిచి నాలుగు మాటలు చెప్పి పంపు. మంచివాడే."

"నాలుగు మాటలు మార్చిలో చెప్పా బాబాయ్. ఆ నాలుగు మాటలకి పిల్ల ఒంటి మీద ఇరవై మూడు వాతలు తేలాయి. డాక్టరుగారు ఇప్పుడే కొలిచి రాశారు. అవి నా వల్ల. ఇంక ఈయనతో నేను మాట్లాడేదేం లేదు, వచ్చేవాళ్లు మాట్లాడతారు. నీ మనవడి పేల సంగతి నీ కోడల్ని అడగాలి నేను, నీ ఎదురుగా కాదు."

దావీదు మొహంలో నెత్తుటి చుక్క లేదు. శేషుబాబు మాత్రం ఆవిడ వంక చూడలేదు. కాన్పుల గది తలుపు దగ్గర తల్లి కొంగు పట్టుకుని నిలబడ్డ కూతుర్ని చూశాడు. గొంతు ఎంత మెత్తగా ఉందో!

"ఏమ్మా, ఏం చెప్పావు వీళ్లకి?"

సువార్తమ్మ వాళ్లిద్దరి మధ్యకి వచ్చి నిలబడింది. అతని కుడిచెయ్యి అప్పటికే సగం లేచింది, అలవాటు మరి. క్యూలో ఉన్న తల్లులందరూ ఆ చేతినే చూస్తున్నారు.

మోక్షిత కొంగు వదల్లేదు. కానీ సువార్తమ్మ పక్కనుంచి తల బయటికి పెట్టింది.

"అన్నీ చెప్పా నాన్నా" అంది. "వెంట్రుక కాదు. నేనే చెప్పా."